కోబుర్గ్ డాలు మీది నల్లని తల ఎవరిది?

## క్లుప్తంగా

జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో ఉత్తరపు కొసన కోబుర్గ్ అనే చిన్న పట్టణం ఉంది. ఆ ఊరి అధికారిక లాంఛనం పసుపుపచ్చని డాలు మీద ఒక ఆఫ్రికా మనిషి తల. అది ఊరి రక్షకుడు సెయింట్ మారిస్ తల అని పట్టణ పాలకుల మాట. 1934లో నాజీలు దాన్ని తీయించి కత్తినీ స్వస్తికనూ పెట్టించారు. 1945లో తల తిరిగి వచ్చింది. 2020లో అదే తల జాతి వివక్షకు గుర్తంటూ, మార్చాలని పిటిషన్ పెట్టారు. నాజీలు వద్దన్న బొమ్మనే నాజీ భావాలంటే గిట్టనివాళ్లు కూడా వద్దంటున్నారన్న మాట. ఈ చిక్కుముడి విప్పాలంటే డాలు మీదికి బొమ్మ ఎలా చేరుతుందో, దాని అర్థం ఎక్కడ ఉంటుందో, ఎక్కడ జారిపోతుందో చూడాలి.

## డాలు మీద ఉన్నది ఇంతే

బంగారు రంగు నేల మీద పక్కనుంచి చూసినట్టు గీసిన నల్లని తల. ఉంగరాల జుట్టు, లావు పెదవులు, చెవికి పోగు. బొమ్మ మెడ దగ్గర ఆగిపోతుంది. తల చుట్టూ కాంతి వలయం లేదు, కిరీటం లేదు, కింద పేరు లేదు. ముందే తెలిసి ఉంటే తప్ప ఇది ఒక పునీతుడి బొమ్మ అని తట్టే ఆనవాలు ఒక్కటి కూడా కనిపించదు. తర్వాత వచ్చిన గొడవకు మూలం ఈ లోటే.

దీన్ని కోబుర్గ్ రాజవంశపు లాంఛనం అనుకునేవాళ్లు ఉన్నారు. అది వేరు, ఇది వేరు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1819లో పుట్టింది కోబుర్గ్ పక్కనున్న రోజెనౌ కోటలో. ఆయన వంశం పేరు సాక్స్-కోబుర్గ్-గోథా. ఏడో ఎడ్వర్డ్ గద్దెనెక్కిన 1901 నుంచి బ్రిటిష్ రాజవంశానికి ఆ పేరే నడిచింది. 1911 ఢిల్లీ దర్బారులో కూర్చున్న ఐదో జార్జి కూడా అప్పటికి ఆ వంశనామంతోనే ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పేరు మోయడం ఇబ్బందయి 1917లో విండ్సర్ అని మార్చుకున్నారు. ఆ పదహారేళ్లూ మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలను ఏలిన వంశం పేరులో ఈ ఊరి పేరు ఉందన్నమాట. అయితే ఆ వంశపు డాలు మీద ఉండేది నలుపు, పసుపు పట్టీలు, వాటి మీద ఏటవాలుగా పచ్చని ఆకుల దండ. దండ రాజుగారిది, తల ఊరిది.

## వాక్యంలోంచి పుట్టే బొమ్మ

లాంఛనం అనే మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల రేకులను కలిపే కడియం మీద వరాహం ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉంటేనే శాసనం అసలుదని లెక్క. ఐరోపాలో పట్టణాలు లాంఛనాలు పెట్టుకున్నదీ ముందుగా ఇలాంటి పనికే. డాలు మీద గుర్తులు వేసుకునే అలవాటు 12వ శతాబ్దంలో యోధుల దగ్గర మొదలైంది. ముఖం శిరస్త్రాణంలో దాగిపోతే ఎవరు ఎవరో పోల్చుకోవడానికి డాలు మీది రంగులే ఆధారం. పట్టణాలకు యుద్ధంతో అంత పని లేదు గానీ, దస్తావేజు మీద మైనపు ముద్ర వేయడానికి ఒక గుర్తు కావాలి. ముద్రలోని గుర్తు తర్వాత డాలు ఆకారంలోకి, జెండా మీదికి ఎక్కింది.

ఈ విద్యకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. బంగారం, వెండి లోహాల లెక్క. పసుపు, తెలుపు వాటికి ప్రతినిధులు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ లాంటివి రంగుల లెక్క. లోహం మీద లోహం పెట్టకూడదు, రంగు మీద రంగు పెట్టకూడదు. దూరం నుంచి తేటగా కనిపించాలన్నదే ఇందులోని మర్మం. మన రైల్వే స్టేషన్లలో ఊరి పేరు పసుపు పలక మీద నల్లని అక్షరాలతో ఎందుకు రాస్తారో ఆలోచిస్తే, కోబుర్గ్ డాలు పసుపు మీద నలుపుగా ఎందుకుందో తెలుస్తుంది. కుడి ఎడమలు కూడా చూసేవాడి వైపు నుంచి లెక్కించరు, డాలు పట్టుకున్నవాడి వైపు నుంచి లెక్కిస్తారు. మనకు ఎడమకు తిరిగినట్టు కనిపించే తల వాళ్ల లెక్కలో కుడికి తిరిగినట్టు.

అన్నిటికన్నా ముఖ్యమైన కట్టుబాటు ఇంకొకటి ఉంది. లాంఛనం అంటే ఫలానా చిత్రకారుడు గీసిన ఫలానా బొమ్మ కాదు. దాన్ని వర్ణించే వాక్యమే లాంఛనం. “బంగారు నేల మీద నల్లని తల” అని వాక్యం ఉంటే, ఆ వాక్యానికి సరిపోయేలా ఎవరు గీసినా అది సరైన లాంఛనమే. ముక్కు ఎలా ఉండాలి, పెదవి ఎంత మందం ఉండాలి అన్నది వాక్యం చెప్పదు, గీసేవాడి చేతికి వదిలేస్తుంది. కాబట్టి ఒక్కో తరం తన కంటికి అలవాటైన తీరులో ఆ తలను గీస్తుంది. వాక్యం మారకుండానే బొమ్మ మారుతుంది. కోబుర్గ్ చర్చలో రెండు పక్షాలూ “లాంఛనం” అనే ఒకే మాట వాడుతున్నాయి. ఒక పక్షం మాట్లాడేది వాక్యం గురించి, మరో పక్షం మాట్లాడేది బొమ్మ గురించి.

## మారిస్ కథ

సెయింట్ మారిస్‌ను లాటిన్‌లో మౌరిషియస్ అంటారు. ఆయన కథను రాతలో పెట్టినవాడు లియోన్ బిషప్ యూకేరియస్, 5వ శతాబ్దం నడిమి కాలంలో. ఈజిప్టులోని థీబ్స్ ప్రాంతం నుంచి వచ్చిన ఒక రోమన్ పటాలానికి మారిస్ నాయకుడు. పటాలంలో 6,600 మంది, అందరూ క్రైస్తవులు. 3వ శతాబ్దం చివర చక్రవర్తి మాక్సిమియన్ వాళ్లను ఆల్ప్స్ పర్వతాల వైపు నడిపించి, తోటి క్రైస్తవులను హింసించమని ఆజ్ఞాపించాడు. వాళ్లు కాదన్నారు. పదిమందికొకరిని చంపించాడు, అయినా లొంగలేదు. మళ్లీ పదిమందికొకరు. చివరికి మొత్తం పటాలాన్ని నరికించాడు. ఆ చోటే ఈనాటి స్విట్జర్లాండ్‌లోని సాన్-మోరిస్ పట్టణం అని నమ్మకం. అక్కడి మఠం 515లో వెలిసింది. సెప్టెంబర్ 22 ఆయన పండుగ రోజు.

పటాలం మొత్తాన్ని నరికించిన ఘటన నిజంగా జరిగిందా అన్న విషయంలో చాలామంది చరిత్రకారులకు అనుమానాలున్నాయి. ఘటనకూ రాతకూ నడుమ ఒకటిన్నర శతాబ్దపు దూరం ఉంది. అయితే లాంఛనం పుట్టడానికి చరిత్ర నిజం కానక్కర్లేదు, జనం నమ్మితే చాలు.

ఆ నమ్మకాన్ని జర్మనీ నేల మీదికి తెచ్చినవాడు రాజు మొదటి ఆటో. 937లో మాగ్డెబుర్గ్‌లో మారిస్ పేరిట మఠం కట్టించాడు. తర్వాత పునీతుడి అవశేషాలను అక్కడికి రప్పించాడు. ఇలా సైనిక పునీతుడు సామ్రాజ్యానికి రక్షకుడయ్యాడు. అప్పటికింకా బొమ్మల్లో మారిస్ తెల్లవాడే. మార్పు 13వ శతాబ్దం మధ్యలో అదే మాగ్డెబుర్గ్ కథీడ్రల్‌లో వచ్చింది. సుమారు 1240–1250 నాటి ఇసుకరాతి శిల్పంలో, గొలుసు కవచం తొడుక్కున్న మారిస్ స్పష్టంగా ఆఫ్రికా ముఖంతో నిలబడ్డాడు. వెక్కిరింపు లేదు, వింతగా చూపడం లేదు. నిబ్బరంగా ముందుకు చూస్తున్న ఒక సైనికుడు. ఆఫ్రికా మనిషిని ఇంత గౌరవంగా, ఇంత సహజంగా చూపిన తొలి ఐరోపా శిల్పాల్లో దీన్ని ఒకటిగా కళా చరిత్రకారులు లెక్కిస్తారు.

ఎందుకు నల్లవాడయ్యాడు? ఒక కారణం పేరులోనే ఉంది. మౌరిషియస్ అనే పేరుకు మూలం “మౌరుస్” అనే లాటిన్ మాట. ఉత్తర ఆఫ్రికాలోని మౌరిటానియా ప్రాంతపువాడని దాని అర్థం. జర్మన్‌లో అదే “మోర్” అయింది. థీబ్స్ ఆఫ్రికాలోదే కావడం రెండో కారణం. తన సామ్రాజ్యం నలుదిక్కులా ఉందని చూపుకోవాలన్న చక్రవర్తుల ఆరాటం మూడో కారణమని మరికొందరు చెబుతారు. ఏదైనా ఈ నల్లని మారిస్ సాక్సనీ చుట్టుపక్కల, జర్మనీ తూర్పు భాగాల్లో ఎక్కువగా పాదుకున్నాడు. 1520ల తొలినాళ్లలో జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్ట్ వేసిన మారిస్ నల్లవాడు. అదే శతాబ్దపు చివర్లో స్పెయిన్ రాజుగారి ఎస్కోరియల్ ప్రాసాదం కోసం చిత్రకారుడు ఎల్ గ్రెకో వేసిన మారిస్ తెల్లవాడు. పునీతుడు ఒక్కడే అయినా ఒంటి రంగు మాత్రం ప్రాంతాన్ని బట్టి మారింది.

ఇదే పేరు హిందూ మహాసముద్రంలో ఒక దీవికీ దక్కింది. 1598లో డచ్చి నావికులు తమ యువరాజు మౌరిట్స్ పేరు పెట్టిన ఆ దీవే మారిషస్. తెలుగువాళ్ల వారసులు ఉగాదిని దేశమంతటికీ సెలవు రోజుగా జరుపుకునే ఆ దేశానికీ, కోబుర్గ్ డాలు మీది తలకూ పేరు మూలం ఒకటే.

## కవచం పోయింది, రంగు మిగిలింది

కోబుర్గ్ పేరు రాతల్లో మొదట కనిపించేది 1056లో. పట్టణ హక్కులు 1331లో వచ్చాయి. 1353లో ఊరు వెట్టిన్ వంశం చేతికి వచ్చింది. సాక్సనీని ఏలిన వంశం అదే, అంటే నల్లని మారిస్ బాగా ప్రచారంలో ఉన్న నేలతో కోబుర్గ్‌కు రాజకీయ ముడి పడింది. ఊరి ప్రధాన చర్చి కూడా సెయింట్ మోరిట్స్ పేరిటే ఉంది. మన పల్లెలకు గ్రామదేవత ఉన్నట్టు మధ్యయుగపు ఐరోపా ఊళ్లకు ఒక పాలక పునీతుడు ఉండేవాడు. ఊరి ముద్రలోకి ఆయన రావడం అప్పటి రివాజు.

చిక్కు వచ్చింది బొమ్మను కుదించడం దగ్గర. ముద్ర గానీ నాణెం గానీ అరచేతిలో ఇమిడేంత చిన్నది. నిలువెత్తు మనిషిని, కవచాన్ని, ఈటెను, జెండాను అందులో పట్టిస్తే ఏదీ కనిపించదు. అందుకని తల ఒక్కటే ఉంచడం పనివాళ్లకు తేలిక దారి. చాలా ఊళ్లు ఇదే పని చేశాయి. అయితే పునీతులను పోల్చుకునేది ముఖం చూసి కాదు, చేతిలో ఉన్న వస్తువును చూసి. తాళం చెవి ఉంటే పీటర్, ముళ్ల చక్రం ఉంటే కేథరిన్, ఇనుప జల్లెడ మంచం ఉంటే లారెన్స్. పోలండ్‌లోని వ్రోత్స్‌వాఫ్ నగర డాలు మధ్యలో కూడా ఒక తల ఉంది. అది పళ్లెంలో ఉంది కాబట్టి బాప్తిస్మమిచ్చిన యోహానుదని బైబిలు తెలిసినవాడు ఇట్టే చెబుతాడు.

మారిస్ ఆనవాళ్లు కవచం, ఈటె. తలను మాత్రమే ఉంచేసరికి ఆ రెండూ రాలిపోయాయి. పోల్చుకోవడానికి మిగిలింది ఒంటి రంగు ఒక్కటే. పళ్లెం యోహానును చెప్పినట్టు, తాళం చెవి పీటరును చెప్పినట్టు, ఇక్కడ నలుపు మారిస్‌ను చెప్పాలి. ఊరంతా ఆ పునీతుడికి మొక్కినంత కాలం ఈ ఏర్పాటు బాగానే నడిచింది.

ఆ కాలం 16వ శతాబ్దంలో ముగిసింది. కోబుర్గ్, పోప్ అధికారాన్ని ఎదిరించిన మత సంస్కర్త మార్టిన్ లూథర్ పక్షానికి మారింది. 1530లో ఆ మత వివాదం మీద ఆగ్స్‌బుర్గ్‌లో సామ్రాజ్య సభ జరుగుతున్నప్పుడు లూథర్ దాదాపు ఆరు నెలలు కోబుర్గ్ కొండ కోటలోనే తలదాచుకున్నాడు. మోరిట్స్ చర్చిలో ప్రసంగించాడు కూడా. కొత్త మతంలో పునీతులకు మొక్కులు లేవు. మరి మారిస్‌ను డాలు మీదినుంచి దించేశారా అంటే లేదు. మొక్కు పోయినా ముద్ర మిగిలింది. ఆ ముద్ర ఊరి ఆస్తి దస్తావేజులకు, పన్ను రశీదులకు ముడిపడి ఉంది. దాన్ని మార్చడం అంటే మతం మార్చుకోవడం కన్నా పెద్ద తలనొప్పి.

పూజ లేని పునీతుడి పేరు మెల్లగా జనం నోట మరుగున పడింది. అందరూ “కోబుర్గర్ మోర్” అనడం మొదలుపెట్టారు. కోబుర్గ్ నల్లవాడు అన్నంత అర్థం. వాక్యంలో ఉండాల్సిన మనిషి పేరు పోయి, ఆ చోట ఒక జాతి పేరు వచ్చి కూర్చుంది. కోబుర్గ్ లాంఛనం చరిత్రలో అసలు మలుపు ఇదేనని చెప్పవచ్చు. 1934 గానీ 2020 గానీ దీని వెంట వచ్చినవే.

## మిగతా జర్మన్ ఊళ్లు ఏం చేశాయి

పునీతుడిని పెట్టుకోవడం కోబుర్గ్ ప్రత్యేకత కాదు. బ్రేమెన్ డాలు మీద వెండి తాళం చెవి పీటర్‌ది. రేగెన్స్‌బుర్గ్ రెండు తాళం చెవులను అడ్డంగా పేర్చింది. కొలోన్ డాలు పైభాగంలో మూడు కిరీటాలు శిశువైన యేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానులవి, వాళ్ల అవశేషాలు అక్కడి కథీడ్రల్‌లో ఉన్నాయి. ఇవన్నీ వస్తువులు. వస్తువు గుర్తయితే మూడొందల ఏళ్ల తర్వాత ఎవరూ నొచ్చుకోరు. తాళం చెవికి జాతి లేదు.

ఇంకో పద్ధతి పేరును బొమ్మగా మార్చడం. బెర్లిన్ పేరులో “బేర్” అనే ధ్వని ఉంది, ఆ భాషలో అది ఎలుగుబంటి. ఊరి పేరుకు ఎలుగుతో నిజానికి చుట్టరికం లేదు, అది స్లావిక్ మాటనుంచి వచ్చిందని భాషావేత్తల మాట. అయినా ఎలుగు డాలెక్కింది. మ్యూనిక్ అంటే సన్యాసుల చోటు, డాలు మీద నల్లని అంగీలో సన్యాసి. ఆ సన్యాసి కాలక్రమంలో చిన్నపిల్లవాడి ముఖంలోకి మారిపోయి “మ్యూనిక్ పాపాయి” అయ్యాడు. సరదాకు, బీరు పండగలకు ఆ పాపాయి వేషంలో ఒక యువతి గుర్రమెక్కి వస్తుంది కూడా. గీసేవాళ్ల చేతిలో, జనం నోటిలో లాంఛనం ఎంత దూరం జారగలదో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. అక్కడ జారుడు ముద్దుగా ముగిసింది. కోబుర్గ్‌లో అలా జరగలేదు.

## నల్లని తలలన్నీ ఒకే మాట చెప్పవు

ఐరోపా లాంఛనాల్లో నల్లని తలలు చాలానే ఉన్నాయి. అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల సగం అయోమయం పుడుతోంది.

సార్డీనియా దీవి జెండా మీద ఎర్ర శిలువ చుట్టూ నాలుగు నల్లని తలలు ఉంటాయి. వీటి మూలం స్పెయిన్‌లోని ఆరగాన్ రాజుల ముద్రల్లో ఉంది. యుద్ధంలో ఓడిన మూర్ రాజుల, అంటే ఉత్తర ఆఫ్రికా మూలాలున్న ముస్లిం రాజుల తలలని కథ చెబుతారు. అంటే అవి శత్రువు తలలు, విజయ చిహ్నాలు. పక్కనున్న కోర్సికా దీవి జెండా మీద ఒకటే తల. దానికి మొదట కళ్లకు గంత ఉండేది. 18వ శతాబ్దంలో కోర్సికా స్వాతంత్ర్యం కోసం పోరాడిన పాస్కాల్ పావోలీ కాలంలో ఆ గంతను నుదుటి మీదికి జరిపారు. శత్రువు తల కాస్తా విముక్తుడి తల అయింది. గుడ్డ పట్టీని రెండంగుళాలు పైకి జరిపితే అర్థం తిరగబడింది. సార్డీనియా కూడా 1999లో చట్టం చేసి తన నాలుగు తలల గంతలను నుదుటికి మార్చింది.

కోబుర్గ్ ఉన్న బవేరియాలోనే చూస్తే ఫ్రైజింగ్ బిషప్పుల లాంఛనంలో కిరీటం పెట్టుకున్న నల్లని తల ఉంది. అది ఎవరిదో కచ్చితంగా తేల్చే ఆధారం లేదు. ఒకప్పుడు మ్యూనిక్-ఫ్రైజింగ్ ఆర్చిబిషప్‌గా ఉన్న యోసెఫ్ రాట్సింగర్ 2005లో పోప్ బెనెడిక్ట్ అయినప్పుడు ఆ తలను తన పోప్ లాంఛనంలోనూ ఉంచుకున్నాడు. దాన్ని చర్చి అందరిదీ అనడానికి గుర్తుగా చెప్పాడు.

ఓడిన శత్రువు, విముక్తుడు, అందరినీ కలుపుకునే చర్చికి గుర్తు, ఊరి పునీతుడు. అర్థాలు నాలుగు, చేత్తో గీసింది దాదాపు ఒకే బొమ్మ.

## 1934: కత్తి వచ్చింది

నాజీ పార్టీకి కోబుర్గ్ మామూలు ఊరు కాదు. 1922 అక్టోబరులో హిట్లర్ వందల మంది అనుచరులతో ప్రత్యేక రైల్లో ఇక్కడికి వచ్చి వీధి పోరాటాలు చేయించాడు. తర్వాత పార్టీ పురాణంలో ఆ రోజుకు పెద్దపీట వేశారు, పాల్గొన్నవాళ్లకు కోబుర్గ్ పేరుతో పతకం కూడా ఇచ్చారు. 1929 జూన్‌లో నాజీ పార్టీ పట్టణ మండలిలో సొంతంగా మెజారిటీ గెలిచిన తొలి జర్మన్ పట్టణం కోబుర్గే. హిట్లర్ దేశాధికారం చేపట్టడానికి ముందే 1932లో ఆయన్ను గౌరవ పౌరుడిని చేసింది.

అలాంటి పాలకులకు డాలు మీద ఆఫ్రికా మనిషి ఉండటం ఎలా రుచిస్తుంది? 1934లో తలను తీసేశారు. నిలువుగా నిలిపిన కత్తి, దాని పిడి కొసన స్వస్తిక. ఊళ్లో ఎన్నో వందల ఏళ్లుగా ఉన్న గుర్తును సంప్రదాయం పేరు చెప్పుకునే పార్టీయే చెరిపేసింది. మారిస్ పునీతుడా కాదా అని వాళ్లు చూడలేదు. వాళ్లకు కనిపించింది కూడా ఒంటి రంగే. 1945లో అమెరికన్ సేనలు ఊరిని పట్టుకున్నాక కత్తి పోయింది, తల తిరిగి డాలెక్కింది.

అప్పటినుంచి ఆ తలకు కొత్త అర్థం ఒకటి చేరింది. నాజీలు వద్దన్నారు కాబట్టి దాన్ని ఉంచుకోవడమే నాజీలకు ఎదురు చెప్పడం అన్నది ఊరివాళ్ల మనసులో నాటుకుంది. లాంఛనాన్ని మార్చమని ఎవరన్నా అడిగితే ముందుగా వినిపించే జవాబు ఇదే.

## 2020: మళ్లీ ప్రశ్న

2020 మేలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు చేతిలో చనిపోయాక జర్మనీలోనూ వీధుల పేర్లు, దుకాణాల బోర్డులు, బొమ్మల మీద చర్చ మొదలైంది. కోబుర్గ్ లాంఛనాన్ని మార్చాలని ఒక పిటిషన్ బెర్లిన్ నుంచి వచ్చింది. ఉంచాలని వెంటనే ఎదురు పిటిషన్ పుట్టింది. దానికే ఎక్కువ సంతకాలు పడ్డాయి.

మార్చాలన్నవాళ్ల వాదన సూటిగా ఉంది. లావు పెదవులు, చెవిపోగు, ఉంగరాల జుట్టు అనేవి వలసపాలన కాలంలో ఐరోపా ప్రకటనల్లో నల్లవాళ్లను ఎగతాళి చేయడానికి వాడిన గుర్తులు. పునీతుడికి చెవిపోగు ఎక్కడిది? మాగ్డెబుర్గ్ శిల్పంలో ఉన్న మనిషి ఈ డాలు మీద లేడు. పైగా “మోర్” అన్న మాటే ఇవాళ అవమానం. ఉంచాలన్నవాళ్ల వాదన కూడా బలమైనదే. ఐరోపాలో ఒక ఊరు ఊరంతా ఒక నల్లవాడిని తన రక్షకుడిగా వందల ఏళ్లు మోసింది, దీన్ని తీసేస్తే ఒంటిరంగు తెల్లగా ఉన్న చరిత్రే మిగులుతుంది. పట్టణ యంత్రాంగం ఈ రెండో వైపే నిలబడింది.

మాట గురించి ఒక చిన్న వివరణ. “మోర్”కు మూలం గ్రీకులో మూర్ఖుడనే అర్థమున్న మాట అని విమర్శకులు కొందరు అంటారు. భాషావేత్తలు ఎక్కువగా చెప్పే దారి లాటిన్ “మౌరుస్” మీదుగానే వస్తుంది. అయితే మాట ఎక్కడ పుట్టిందన్నది ఒకటి, దాన్ని ఎలా వాడారన్నది ఇంకొకటి. 17, 18 శతాబ్దాల్లో జర్మన్ రాజాస్థానాల్లో అలంకారానికి పెట్టుకున్న ఆఫ్రికా సేవకులను “ఆస్థాన మోర్” అనేవారు. చాలామంది బానిసలుగా తేబడినవాళ్లు. ఆ వాసన మాటకు అంటుకుంది. పుట్టుక శుభ్రంగా ఉందని చెబితే ఆ వాసన పోదు.

జర్మనీలో తలెత్తిన ఇలాంటి మిగతా గొడవలతో పోలిస్తే కోబుర్గ్ కేసు ఎందుకు తేలడం లేదో తెలుస్తుంది. సరోటి చాక్లెట్ కంపెనీ 2004లోనే తన మోర్ బొమ్మను ఇంద్రజాలికుడిగా మార్చేసింది. ఆగ్స్‌బుర్గ్‌లో ముగ్గురు మోర్‌ల పేరున్న పాత హోటల్ వేరే పేరు పెట్టుకుంది. బెర్లిన్‌లో మోరెన్ వీధికి, 18వ శతాబ్దంలో జర్మన్ విశ్వవిద్యాలయాల్లో తత్వశాస్త్రం బోధించిన ఆఫ్రికా పండితుడు ఆంటోన్ విల్హెల్మ్ ఆమో పేరు పెట్టాలని 2020లో జిల్లా మండలి తీర్మానించింది. కోర్టు వ్యాజ్యాలు దాటుకుని 2025లో అది అమలైంది. ఈ మూడింటిలోనూ డాలు మీద ఉన్నట్టు పేరున్న పునీతుడు ఎవరూ లేరు. చాక్లెట్ డబ్బా మీదివాడు ఆస్థాన సేవకుడి వేషం, అంతే. కోబుర్గ్‌లో మాత్రం తీసేయమంటే తీసేది ఒక అవమానాన్నా, ఒక నల్లజాతి పునీతుడినా అన్న ప్రశ్నకు ఇరుపక్షాలకూ ఒక్క జవాబు లేదు.

## మార్చే అధికారం ఎవరిది

బవేరియా పురపాలక చట్టం ప్రకారం పట్టణాలు తమ చారిత్రక లాంఛనాలను వాడుకోవచ్చు. మార్చాలంటే పట్టణ మండలి తీర్మానం కావాలి. అంతకుముందు రాష్ట్ర ఆర్కైవ్స్ ప్రధాన కార్యాలయం సలహా తీసుకోవాలి, ఆ సలహాను పాటించదలచుకోకపోతే నమూనాను పర్యవేక్షక అధికారుల ముందు పెట్టాలి. ఆన్‌లైన్ పిటిషన్‌కు ఎన్ని లక్షల సంతకాలు పడినా చట్టరీత్యా దానికి బలం లేదు. ఊరి ఓటర్లు నిర్ణీత సంఖ్యలో సంతకాలు పెట్టి కోరితే ప్రజాభిప్రాయ ఓటింగ్ జరపవచ్చు. 2020 గాలి చూస్తే అలాంటి ఓటింగ్‌లో తలే గెలుస్తుందని ఊహించడం కష్టం కాదు.

చర్చలో అంతగా వినిపించని మూడో దారి ఒకటి ఉంది. వాక్యాన్ని ముట్టుకోకుండా బొమ్మను కొత్తగా గీయించడం. ముందు చెప్పుకున్నట్టు పెదవి మందం గానీ జుట్టు తీరు గానీ గీసేవాడి ఇష్టం. మాగ్డెబుర్గ్ శిల్పాన్ని ఎదురుగా పెట్టుకుని ఇవాళ్టి కళాకారుడు అదే బంగారు నేల మీద అదే నల్లని తలను గీస్తే లాంఛనం మారినట్టు కాదు, ఎగతాళి మాత్రం పోతుంది. కావాలంటే ఒక అడుగు ముందుకు వేసి భుజాల దాకా చూపి కవచం తొడిగితే, రాలిపోయిన ఆనవాలు తిరిగొస్తుంది. అప్పుడు మాత్రం అది మార్పే, పైన చెప్పిన ఆర్కైవ్స్ దారి పట్టాలి. మొదటిదానికి అయ్యే ఖర్చు ఉత్తరాల శీర్షాలు, జెండాలు, వెబ్‌సైట్ల దగ్గర తేలిపోతుంది. ఇనుములో పోతపోసిన మ్యాన్‌హోల్ మూతలు ఉన్నాయే, అవి మాత్రం అరిగి మారేదాకా పాత తలతోనే ఉంటాయి.

ఆ మూతల మీదుగా జనం రోజూ నడిచిపోతూనే ఉంటారు. అదే ఊళ్లో మార్కెట్ చౌకు దగ్గర టౌన్‌హాల్ కప్పు కొసన ఇంకో మారిస్ నిలబడి ఉన్నాడు. ఈయన నిలువెత్తు మనిషి, చేతిలో సేనాపతి దండం కూడా ఉంది. ఊరివాళ్లు ఆయన్ను “బ్రాట్‌వుర్స్ట్ బుల్లోడు” అన్నంత చనువుగా పిలుస్తారు, బ్రాట్‌వుర్స్ట్ అంటే కాల్చుకు తినే మాంసపు సాసేజ్. ఆ దండం పొడవే కోబుర్గ్ సాసేజ్‌కు కొలత అని వాళ్ల నమ్మకం. పచ్చి సాసేజ్ 31 సెంటీమీటర్లు ఉండాలి, పైన్ కాయల నిప్పు మీద కాల్చాలి. కింద చౌకులో సాసేజ్ కొనుక్కుని తినేవాడు తల పైకెత్తితే కనిపించే ఆ మనిషీ, తన జోళ్ల కింద ఇనుప మూత మీదున్న ఆ తలా ఒక్కరివే అని చెప్పే పలక మాత్రం ఆ డాలు మీద లేదు.